కాల్చి రమ్మంటే చూసొచ్చే డెల్

చూసి రమ్మంటే కాల్చి వచ్చాడని హనుమంతుడి పేరు మీద మనకో సామెత ఉంది కదా. చెప్పినదానికన్నా ఎక్కువ చేసొచ్చేవాళ్ళని అలా అంటాం. దీనికి సరిగ్గా తిరగేసిన బాపతు ఒకడున్నాడు. వాడితో నాకు ఇరవై ఏళ్ళ పైబడి పరిచయం. కాల్చి రమ్మంటే వెళ్ళి చూసొస్తాడు. వచ్చాక "ఏమయ్యింది?" అని అడిగితే "అంతా సవ్యంగా అయ్యింది" అంటాడు. వాడి పేరు డెల్. విండోస్ బ్యాచ్ ఫైళ్ళలో ఒక ఫైలుని తీసెయ్యడానికి వాడే కమాండు. (కంప్యూటర్లు అమ్మే డెల్ కాదండోయ్, ఆ కంపెనీకీ వీడికీ ఏ చుట్టరికమూ లేదు.)

ఈ గోల ఇప్పుడెందుకంటే, మొన్నీమధ్య మాతో కొత్తగా చేరిన కుర్రాడొకడు హైదరాబాద్ నుంచి ఒక బ్యాచ్ ఫైలు రాసి పంపాడు, ఒకసారి చూడమని. ముచ్చటగానే రాశాడు. పాత ఫైలుని డెల్ చేశాడు, ఆ కింద లైన్లోనే "ఎర్రర్‌లెవెల్ 1 అయితే ఆగిపో" అని రాశాడు. ఆ రెండు లైన్లూ మార్చమన్నాను. "అదేంటి సార్, ఎర్రర్ చెక్ చేశాను కదా!" అన్నాడు. చెక్ చేశాడు నిజమే. కానీ ఎవర్ని అడిగాడు? పని చెయ్యనివాణ్ణే "పని చేశావా?" అని అడిగాడు.

వాడికి ఫోన్లో చెప్పిన కథే కొంచెం తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. కంప్యూటర్లు తెలియనివాళ్ళు కూడా చదవచ్చు, భయం లేదు.

అది 2011. మస్కట్లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీకి (పేరెందుకు లెండి) జీతాల సాఫ్ట్‌వేర్ చూసిపెట్టే పని నాది. నాలుగొందల మంది దాకా పనివాళ్ళు. చాలామంది ఘలా వైపు క్యాంపుల్లో ఉండేవాళ్ళు. బంగ్లాదేశీలు, మలయాళీలు, బీహార్ వాళ్ళు, వాళ్ళతోపాటు మనవాళ్ళూను. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలు... శుక్రవారం సాయంత్రం రువి వీధిలో నిలబడితే అన్ని యాసలూ వినిపించేవి, డబ్బులు పంపే ఎక్స్‌చేంజి షాపుల ముందు.

జీతాల రోజు రాత్రి పది గంటలకి సర్వర్ మీద ఒక బ్యాచ్ ఫైలు దానంతటదే నడిచేది. రాసింది నేనే. దాని పని మూడు ముక్కల్లో చెప్తాను. ఒకటి, పోయిన నెల జీతాల ఫైలుని తీసెయ్యడం. రెండు, పేరోల్ ప్రోగ్రాం చేత ఈ నెల ఫైలుని అదే పేరుతో రాయించడం. మూడు, ఆ పేరుతో ఫైలు ఉందో లేదో చూసుకుని, ఉంటే బ్యాంకుకి వెళ్ళే ఫోల్డర్లోకి కాపీ చెయ్యడం. ఫైలు ఉందంటే రెండో పని అయినట్టే కదా అని నా లెక్క. పాతది తీసేశాం కాబట్టి, ఉన్నది కొత్తదే అయి ఉండాలి. ఎంత తెలివైన లెక్కో చూశారా? మొత్తం ఇల్లంతా మొదటి ఇటుక మీద నిలబడింది. ఆ ఇటుక డెల్.

ఒక నెల ఏం జరిగిందంటే, అకౌంటెంట్ గారు ఆ పాత ఫైలుని ఎక్సెల్లో తెరిచి చూస్తున్నారు. ఇక్కడి రియాల్ కి వంద పైసలు కాదు, వెయ్యి బైసాలు. అంటే చుక్క తర్వాత మూడు అంకెలుండాలి. మన దేశంలో తయారైన ప్రోగ్రాములు అప్పుడప్పుడూ రెండంకెలకే సరిపెట్టేవి. అందుకని పాపం ఆయన ప్రతి నెలా బైసాలు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకునేవారు. ఆ రోజు చూసి, ఫైలుని అలాగే తెరిచి ఉంచి, కంప్యూటర్ కి తాళం వేసి ఇంటికెళ్ళిపోయారు. బుధవారం సాయంత్రం. అప్పట్లో ఇక్కడ వారాంతం గురు, శుక్రవారాలు. శుక్ర, శనివారాలుగా మారింది 2013 మే 1 నుంచి.

రాత్రి పదయ్యింది. నా బ్యాచ్ ఫైలు లేచింది. పాత ఫైలుని డెల్ చెయ్యబోయింది. ఎక్సెల్ పట్టుకుని ఉంది కాబట్టి విండోస్ ఒప్పుకోలేదు. డెల్ గారు "ఈ ఫైలుని ఇంకో ప్రోగ్రాం వాడుతోంది" అని తెర మీద ఒక లైను గొణిగి ఊరుకున్నారు. రాత్రి పదింటికి సర్వర్ గదిలో ఆ తెర చూసేదెవరు? తర్వాత పేరోల్ ప్రోగ్రాం కొత్త ఫైలు రాయబోయింది. దానికీ అదే అడ్డం, అది తన లాగ్ లో ఏదో రాసుకుని తప్పుకుంది. మూడో అడుగులో నా స్క్రిప్టు "ఫైలుందా?" అని చూసింది. ఉంది! నిక్షేపంలా ఉంది, పోయిన నెలది. ఎక్సెల్ ఫైలుని పట్టుకున్నప్పుడు దాన్ని మార్చనివ్వదు, తీసెయ్యనివ్వదు గానీ చదువుకోనిస్తుంది. కాబట్టి కాపీ హాయిగా అయిపోయింది. లాగ్ లో చివరికి మూడు లైన్లు. "పాత ఫైలు తీసేయబడింది. కొత్త ఫైలు తయారయింది. బ్యాంకుకి పంపబడింది." మూడింటిలో ఒక్కటే నిజం.

శనివారం పొద్దున్న నాకు క్యాంపు నుంచి ఫోనొచ్చింది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుర్రాడు, చేరి నెల కూడా నిండలేదు. తెలుగువాణ్ణని ఎవరో నా నెంబరిచ్చారట. "అన్నా, అందరి జీతాలు పడ్డయి. నాది పడలే. నా పేరు తీసేసిన్రా?" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. నేను తీసెయ్యాల్సింది ఒక ఫైలుని. అది పోలేదు. దాని బదులు వాడు తన పేరు పోయిందనుకున్నాడు. గల్ఫ్ లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, లిస్టులో పేరు లేకపోవడమంటే ఏంటో. ఊళ్ళో ఏజెంటుకి కట్టడానికి తెచ్చిన అప్పు, దాని మీద నెలనెలా పెరిగే మిత్తి, ఇంటి నుంచి ఫోన్లు, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి. ఫోన్లో నేను "లేదు తమ్ముడూ, చిన్న సాంకేతిక సమస్య" అన్నాను. సాంకేతిక సమస్య! ఎంత అందమైన మాట కనిపెట్టామండీ మనం, మన తప్పుకి.

లెక్క తేలేసరికి ఆ నెల కొత్తగా చేరిన పంతొమ్మిది మందికి అసలు జీతం రాలేదు. పని మానేసి వెళ్ళిపోయిన అయిదుగురికి మళ్ళీ జీతం వెళ్ళింది. మిగిలిన అందరికీ పోయిన నెల ఓవర్‌టైం లెక్కే పడింది. అన్నీ సరిచేసి ఆ పంతొమ్మిది మంది చేతికి డబ్బులు అందేసరికి మంగళవారం అయ్యింది.

ఆ మీటింగులో అందరి వేళ్ళూ అకౌంటెంట్ గారి వైపే. "ఫైలు మూసి వెళ్ళాలని తెలియదా?" అని. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. ఆయన తప్పు కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. మనిషన్నాక ఫైలు మూయడం మర్చిపోతాడు. చూడకుండానే "తీసేయబడింది" అని రాసింది నా స్క్రిప్టు. దొంగ సాక్ష్యం చెప్పింది అది, చెప్పించింది నేను.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. విండోస్ లో ప్రతి కమాండూ పని ముగించాక ఒక అంకె వదిలి వెళ్తుంది. దాన్నే ఎర్రర్‌లెవెల్ అంటారు. సున్నా అయితే క్షేమం, ఇంకేదైనా అయితే తేడా. ఇదీ పద్ధతి. డెల్ ఈ పద్ధతిని సరిగ్గా పాటించదు. స్విచ్చి తప్పు రాస్తే ఒకటి ఇస్తుంది గానీ, ఫైలు ఇంకొకరి చేతిలో ఉండి పోకపోయినా సున్నా, చదవడానికే అనుమతి ఉన్న రీడ్ ఓన్లీ ఫైలయి పోకపోయినా సున్నా, అసలు ఆ పేరుతో ఫైలే లేకపోయినా సున్నా. ఫైలుకి హిడెన్ గుర్తుంటే ఇంకా తమాషా. ఫైలు అక్కడే ఉంటుంది, "కనబడలేదు" అంటుంది, సున్నా ఇస్తుంది. నోటితో గొణుగుతుంది, చేత్తో మాత్రం "క్షేమం" అని ఉత్తరం రాస్తుంది. పైగా మనలాంటి తెలివైనవాళ్ళు ఆ గొణుగుడు కూడా వినపడకుండా దాన్ని నల్ లోకి తోసేస్తాం, తెర శుభ్రంగా ఉండాలని!

ఇది డెల్ లోపమేనా అంటే, చాలామంది అవుననే అంటారు. లినక్స్ లో ఆర్ఎం కమాండు ఫైలుని తీయలేకపోతే ఆ సంగతి అంకెలో కూడా చెప్తుంది, డెల్ కీ ఆ బుద్ధి ఉంటే సరిపోయేది కదా అని. నా అభిప్రాయం కొంచెం వేరు. ఇక్కడ మనం రెండు ప్రశ్నల్ని కలిపేస్తున్నాం. "నువ్వు తీశావా?" అన్నది ఒక ప్రశ్న. "అది ఇప్పుడు అక్కడ లేదు కదా?" అన్నది ఇంకో ప్రశ్న. మనకి కావల్సింది నూటికి తొంభైసార్లు రెండోది. ఎవరు తీశారన్నది మనకెందుకు? ఫైలు ముందే లేదనుకోండి, మన పని ఇంకా తేలిక. ఆర్ఎం కి ఎఫ్ అనే స్విచ్చి తగిలిస్తే అదీ అంతే, లేని ఫైలు గురించి నోరెత్తదు, సున్నా ఇస్తుంది. కాబట్టి డెల్ ఎంత బుద్ధిమంతురాలైనా సరే, దాన్ని అడగడం కన్నా మన కళ్ళతో చూడటం మేలు.

చూడటానికి బ్యాచ్ భాషలోనే ఒక మాట ఉంది, ఇఫ్ ఎగ్జిస్ట్ అని. డెల్ చేశాక వెంటనే "ఆ ఫైలు ఇంకా ఉంటే" అని అడగాలి. ఉంటే ఆగిపోవాలి. అంతే, ఒక్క లైను. హిడెన్ ఫైలైనా దీని కంటికి కనబడుతుంది.

అక్కడితో కథ కంచికి అంటారేమో, ఇంకో మలుపుంది. ఆ వారమే నేను గర్వంగా ఇఫ్ ఎగ్జిస్ట్ పెట్టి, నా సీట్లో కూర్చుని పరీక్షించాను. ఫైలుని ఎక్సెల్లో తెరిచి నడిపితే "ఫైలు పోలేదు" అని ఆగింది. శభాష్ అనుకున్నాను. అదే షెడ్యూల్ లో పెట్టి రాత్రి నడిపిస్తే, ఎక్సెల్ తెరిచే ఉన్నా "తీసేయబడింది" అనేసింది. జుట్టు పీక్కున్నాక తెలిసిందేంటంటే, నేను ఫైలు చిరునామాని జెడ్ డ్రైవ్ అని రాశాను. ఆ జెడ్ డ్రైవ్ నేను లాగిన్ అయినప్పుడు నాకు మాత్రమే ఉండే తలుపు. రాత్రి వేరే ఖాతా మీద నడిచే స్క్రిప్టుకి ఆ తలుపే లేదు. తలుపే లేనప్పుడు లోపలి ఫైలెలా కనబడుతుంది? కనబడలేదు కాబట్టి "లేదు" అంది.

కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఇఫ్ ఎగ్జిస్ట్ కి ఆ తేడా తెలియదు. మనకి తెలియాలి.

అప్పటి నుంచీ నేను పాటించే పద్ధతి ఇది. కావలసినవాళ్ళు వాడుకోండి.

ముందు ఫైలుండే ఫోల్డరు కనిపిస్తోందో లేదో అడగండి. అదే కనిపించకపోతే అక్కడే ఆగిపోండి. డ్రైవ్ అక్షరాలు నమ్మకండి, సర్వర్ పేరుతో పూర్తి చిరునామా రాయండి. తర్వాత డెల్ చెయ్యండి. రీడ్ ఓన్లీ ఫైళ్ళు కూడా పోవాలంటే ఎఫ్ స్విచ్చి తగిలించండి. ఆ తర్వాత ఇఫ్ ఎగ్జిస్ట్ తో చూడండి. ఇంకా ఉంటే వెంటనే గోల చెయ్యొద్దు. వైరస్ స్కానర్ లాంటివి ఫైలుని ఒక్క క్షణం పట్టుకుని వదులుతుంటాయి. అయిదు సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నించండి. (ఆగడానికి పాత చిట్కా, 127.0.0.1 ని ఆరుసార్లు పింగ్ చెయ్యడం.) మూడుసార్లయినా పోకపోతే, ఎగ్జిట్ తో సున్నా కాని అంకె ఇచ్చి బయటికొచ్చెయ్యండి. లేకపోతే టాస్క్ షెడ్యూలర్ కూడా మర్నాడు పొద్దున్న "అంతా క్షేమం" అనే చూపిస్తుంది. ఒక అబద్ధం ఇంకో అబద్ధాన్ని ఎలా మోస్తుందో చూడండి.

ఇంకో చిన్న జాగ్రత్త. బ్రాకెట్ల మధ్య రాసిన కమాండ్లలో ఎర్రర్‌లెవెల్ ని పర్సెంట్ గుర్తుల మధ్య పెట్టి అడిగితే, బ్రాకెట్ లోకి రాకముందున్న విలువే వస్తుంది. ఆ మొత్తం ముక్కని విండోస్ ఒకేసారి చదివేసి, విలువలు ముందే నింపేస్తుంది మరి. నిన్నటి పేపరు చూసి ఇవ్వాళ్టి వాతావరణం చెప్పినట్టుంటుంది. డిలేడ్ ఎక్స్‌పాన్షన్ ఆన్ చేసుకుని, ఆశ్చర్యార్థకాల మధ్య రాస్తే ఈ గొడవ ఉండదు.

వీటన్నిటికన్నా మంచిది, తీసెయ్యడం మీద ఆధారపడకుండా బతకడం. ప్రతి నెలా సంవత్సరం, నెల కలిపి కొత్త పేరుతో ఫైలు రాయిస్తే పాతది ఉన్నా పోయినా బాధ లేదు. (బ్యాచ్ లో డేట్ అన్న మాట తేదీని ఆ కంప్యూటర్ సెట్టింగుల ప్రకారం ఇస్తుంది. ఒకచోట రోజు ముందు, ఇంకోచోట నెల ముందు. అదీ చూసుకోండి.) పంపేముందు ఫైలు తెరిచి లోపల ఈ నెల పేరే ఉందా, మనుషుల లెక్క సరిపోయిందా అని చూడటం ఇంకా మంచిది. మా ఆ స్క్రిప్టుని చివరికి అలాగే మార్చాను.

"ఈ రోజుల్లో బ్యాచ్ ఫైళ్ళేంటి సార్, పవర్‌షెల్ లో రాసేద్దాం" అన్నాడు మా కుర్రాడు. రాయి నాయనా, తప్పేముంది. 2006 నుంచీ ఉంది అది. కానీ అందులోనూ రిమూవ్ ఐటెం ఒక ఫైలుని తీయలేకపోతే, మామూలుగా ఎర్ర అక్షరాల్లో ఒక లైను చూపించి, కింది లైనుకి వెళ్ళిపోతుంది. తప్పు జరిగితే ఆగమని ఎర్రర్ యాక్షన్ లో మనమే చెప్పాలి. భాష మారితే అలవాటు మారదు.

అలవాటంటే గుర్తొచ్చింది. 2011 లో ఆ జీతాల సంగతి ముందు కనిపెట్టింది కంపెనీ కాదు, నేను కాదు, జీతం రాని కుర్రాడు. వాడు ఫోన్ చెయ్యకపోతే ఆ మూడు లైన్ల లాగే నిజమై కూర్చునేది. ఇప్పుడు ఒమన్ లో వేతన రక్షణ వ్యవస్థ ఉంది. 2023 లో కార్మిక శాఖ దానికి కొత్త నిబంధనలు తెచ్చింది. జీతం బ్యాంకు ద్వారానే వెళ్ళాలి, వెళ్ళిందో లేదో ప్రభుత్వానికి కనబడుతుంది. బ్యాంకుకిచ్చే జీతాల ఫైలు తలకట్టులోనే ఏ సంవత్సరం, ఏ నెల, ఎంతమంది, మొత్తం ఎంత అని రాయాలి. నా దృష్టిలో ఇది దేశం మొత్తానికీ పెట్టిన ఇఫ్ ఎగ్జిస్ట్. "జీతాలిచ్చేశాం" అని యజమాని చెప్తే సున్నా వచ్చినట్టు కాదు, ఖాతాలో పడిందా అని చూడటం. దానికీ కనబడని మూలలుంటాయి, జెడ్ డ్రైవ్ లాగా. లిస్టులో ఎప్పుడూ ఎక్కించని మనిషి పేరు ఏ ఫైలూ చూపించదు. అయినా అడగడం కన్నా చూడటం ఎప్పుడూ ఒక మెట్టు పైనే.

ఇంత చిన్న కమాండు గురించి ఇంత రాయాలా అని మీరనుకోవచ్చు. మనలో చాలామందిమి ఇళ్ళకి దూరంగా, ఎవరో చెప్పిన "అయిపోయింది" మీద బతుకుతున్నవాళ్ళం. ఊళ్ళో పొలం కౌలు కాగితం అయిపోయిందా? అయిపోయింది. అమ్మకి డాక్టరు పరీక్షలు చేయించారా? చేయించాం. వాళ్ళు అబద్ధాలు చెప్తున్నారని కాదు. డెల్ కూడా అబద్ధం చెప్పాలని చెప్పదు, తనని అడిగినదానికి తనకి తెలిసిన జవాబిస్తుంది, అంతే. చూడాల్సిన బాధ్యత అడిగినవాడిది.

మా కుర్రాడు స్క్రిప్టు మార్చి మళ్ళీ పంపాడు. డెల్, తర్వాత ఇఫ్ ఎగ్జిస్ట్, అంతకు ముందు ఫోల్డరు చెక్, అన్నీ ఉన్నాయి. ఒక్కటే మిగిలింది. చివర్లో "పాత ఫైలు తీసేయబడింది" అని రాశాడు. దాన్ని "చూశాను, పాత ఫైలు లేదు" అని మార్చమన్నాను. నవ్వాడు గానీ మార్చాడు.

మార్చానని చెప్పాడు లెండి. తెరిచి చూశాకే ఈ టపా రాస్తున్నాను :)